హుమ్మాలో ఆగిన నడక

“ఒక్కసారైనా జగన్నాథానికి నడిచి వెళ్ళాలి” అనే మాట మా బరంపురంలో తెలుగువారి ఇళ్ళలోనూ, ఒడియావారి ఇళ్ళలోనూ తరుచు వినబడేదే. అనేవారు వందమంది అయితే బయలుదేరేవారు ఒకరో ఇద్దరో. మేమూ ఆ అనేవారి జట్టులో చేరి నలభై ఏళ్ళు దాటించినవారమే. మెట్రిక్ చదువుతో ఆఫీసులో చేరి, పొద్దస్తమానం ఒడియాలో నోట్లు వ్రాసి, ఇంగ్లీషులో లెక్కలు కట్టి, ఇంటికి వచ్చి తెలుగులో విసుక్కొనే గుమాస్తాకు పాదయాత్రకు సెలవు ఎక్కడిది? బరంపురం నుంచి పూరీకి రైలు కట్ట వెంట లెక్కవేస్తే సుమారు 190 కిలోమీటర్లు. ఏకబిగిన నడవాలంటే వారం పది రోజుల పని.

అయినా నిరుడు మా వీధి అరుగు మీద ఒక ఉపాయం పుట్టింది. వీలైన ఆదివారం ఒక మజిలీ నడవడం, ఏ స్టేషను దగ్గర ఆగితే అక్కడ రైలెక్కి ఇల్లు చేరడం, మళ్ళీ వీలైన ఆదివారం ఆ స్టేషనులోనే దిగి అక్కడినుంచే నడక సాగించడం. “దేవుడు వాయిదాల పద్ధతికి ఒప్పుకొంటాడా?” అని ఇంట్లో నవ్వారు. బీరువా వాయిదాల మీద కొన్నాము, పిల్లల చదువులు వాయిదాల మీద సాగుతున్నాయి. జగన్నాథుడు మాత్రం పెద్ద సంసారి కాడా, మా సంగతి ఆయనకు తెలియదా అని సమాధానం చెప్పుకొన్నాము.

బయలుదేరినది నలుగురము. మొదటివారు మాస్టారు. చిన్నప్పుడు మాకు తెలుగు అక్షరాలు దిద్దించినవారు, రిటైరై ఆరేడేళ్ళయింది. వయస్సులో గురువుగారు, నడకలో స్నేహితులు. రెండవవారు బావగారు. దేవాంగుల బిడ్డ, పట్టుచీరల దుకాణంలో పనిచేస్తారు. మాకు చుట్టరికమేమీ లేదు గాని ఊళ్ళో సగంమంది ఆయనను బావగారనే పిలుస్తారు. మూడవవారు మా పక్కింటి ఒడియా పెద్దమనిషి, తపాలా శాఖలో చేసి విశ్రాంతి తీసుకొన్నవారు. ఆయనను మేమందరమూ ‘భాయినా’ అంటాము. గంజాం ఒడియాలో అన్నగారని అర్థం. ఆయన మాతో మాట్లాడేది సగం తెలుగు, సగం ఒడియా. ఏది ఏదో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. నాలుగవవారము మేము. ఒక నోటుపుస్తకం కొని, తేదీ, బయలుదేరిన వేళ, చేరిన వేళ, నడిచిన దూరం అని నాలుగు గళ్ళు గీసుకొన్నాము. గుమాస్తా దేవుడి దగ్గరకు వెళ్ళినా రిజిస్టరు లేకుండా వెళ్ళలేడు.

మొదటి మజిలీ బరంపురం నుంచి ఛత్రపురానికి, ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. కాళ్ళు నొప్పిపుట్టినా సునాయాసంగానే నడిచాము. దానితో గర్వం వచ్చింది. రెండవ మజిలీకి ఛత్రపురం నుంచి గంజాం, హుమ్మా మీదుగా రంభ చేరాలని నిశ్చయించాము. ముప్పై కిలోమీటర్లకు పైమాట. రంభ చేరితే చిలికా సరస్సు కనబడుతుంది. “చిలికా ఒడ్డున కాళ్ళు కడుక్కొని రైలెక్కుదాం” అన్నారు బావగారు. పుస్తకంలో ముందుగానే ‘సాయంత్రం 4 గంటలకు రంభ’ అని వ్రాసిపెట్టాము. వ్రాసినదానిని కొట్టివేయడం మా వృత్తిలో చిన్నతనం. ఆ సంగతి తరువాత పనికివస్తుంది గనుక ఇక్కడ చెబుతున్నాము.

పుష్యమాసపు ఆదివారం, తెల్లవారుజామున ఛత్రపురంలో దిగాము. మంచు దట్టంగా ఉంది. మాస్టారు ఎప్పటిలాగే చెప్పులు విప్పి సంచిలో పెట్టుకొన్నారు. స్వామి దగ్గరకు వట్టికాళ్ళతోనే నడుస్తానని ఆయన మొక్కు. ఆయనకు పదిహేనేళ్ళుగా షుగరు ఉన్నదని మా అందరికీ తెలుసు. అయితే మొదటి మజిలీలో ఏమీ కాలేదు కదా అనుకొన్నాము. నిజం చెప్పాలంటే అనుకోనుకూడా లేదు. ఎవరి కాళ్ళ సంగతి వారు చూసుకొన్నాము.

ఛత్రపురం దాటితే దారి వెంట అక్కడక్కడా మొగలి పొదలు. వానకాలంలో అయితే ఆ వాసనకు మనిషి నిలబడిపోతాడు. మొగలిరేకుల అత్తరుకు గంజాం జిల్లా పెట్టింది పేరు. మేము వెళ్ళిన రోజున పువ్వులు లేవు, ముళ్ళే ఉన్నాయి. రహదారి ఒకప్పుడు 5వ నెంబరు, ఇప్పుడు 16వ నెంబరు. లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే పంచెలు ఎగిరిపడుతున్నాయి. పక్కనున్న కంకర వట్టికాళ్ళకు గుచ్చుకొంటుంది గనుక మాస్టారు రోడ్డు అంచున వేసిన తెల్లగీత మీద నడవసాగారు. ఆ గీత నున్నగా ఉంటుంది. కాపీ పుస్తకంలో గీత దాటకుండా వ్రాయమని మమ్మల్ని మొట్టినవారు, తామూ గీత దాటకుండా నడుస్తున్నారని బావగారు హాస్యమాడారు.

ఋషికుల్య వంతెన మీదికి వచ్చేసరికి సూర్యోదయమయింది. దరింగిబాడి కొండల్లో పుట్టి సుమారు 165 కిలోమీటర్లు ప్రవహించి ఆ నది గంజాం దగ్గరే సముద్రంలో కలుస్తుంది. ఆ సంగమం పక్క ఇసుకలోనే ఫిబ్రవరి, మార్చి నెలల్లో సముద్రపు తాబేళ్ళు లక్షల కొద్దీ వచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కొక్క సంవత్సరం రాకపోవడమూ ఉన్నది. పక్క పల్లెలవారు తరతరాలుగా చూస్తున్నదే అయినా శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది 1994లోనే. భాయినా వంతెన కటకటాలు పట్టుకొని, “వాటికి దారి ఎవరు చెబుతారండీ? ఒక్కటి వస్తే వెనక అన్నీ వస్తాయి” అన్నారు. “ఆ పక్క శ్రీకూర్మంలో కూర్మనాథుడు, ఈ పక్క పూరీలో జగన్నాథుడు. నడుమ తాబేళ్ళు తిరగడంలో వింతేముంది?” అన్నారు మాస్టారు. నదికి నలుగురమూ దండం పెట్టుకొన్నాము.

గంజాం ఊళ్ళో ఒక పాకహోటలులో ఇడ్లీ, ఘుగుని తిన్నాము. ఇప్పుడు చిన్న ఊరే గాని జిల్లాకు పేరిచ్చినది ఇదే. 1768లో కుంపిణీవారి తరఫున కాట్స్‌ఫర్డ్ దొర ఇక్కడ కోట కట్టించాడు. ఇప్పటికీ పొటాగఢ్ అంటారు. జిల్లా కచేరీలన్నీ అప్పుడు ఇక్కడే ఉండేవి. 1815 ప్రాంతంలో విషజ్వరాలు వ్యాపించి జనం రాలిపోతే ఊరు పాడుపడి, దొరలు మకాం ఎత్తివేశారు. ఆ తరువాతనే బరంపురానికీ, ఛత్రపురానికీ పెద్దరికం వచ్చింది. అంటే జబ్బుపడ్డ ఊరిని విడిచిపెట్టి వచ్చినవారి ఊళ్ళు మావి.

ఈ దారి సామాన్యమైనది కాదు. 1510లో చైతన్యులవారు పూరీ నుంచి దక్షిణదేశానికి నడుస్తూ శ్రీకూర్మం, సింహాచలం సేవించి గోదావరి తీరానికి వెళ్ళారు. 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీ చూసుకొని, తిరుగు దారిలో పూరీ, గంజాం మీదుగా మన దేశంలో ప్రవేశించి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. ఆయన పల్లకీలో, పెద్ద పరివారంతో వెళ్ళారు. కోర్టులో దుబాసీ ఉద్యోగం. మేమూ ఒక రకం దుబాసీలమే గనుక ఆయన మీద మాకు స్వంత మనిషి అనే అభిమానం. పల్లకి ఒక్కటే తక్కువ.

పల్లకి లేనివారి సంగతి వేరు. 1897లో ఖుర్దా రోడ్డు నుంచి పూరీకి రైలు పడేవరకూ సామాన్యులకు కాళ్ళే గతి. రథయాత్ర వానకాలంలో వస్తుంది, దారిలో మంచినీళ్ళు చెడతాయి, వాంతిభేదులు తగులుకొనేవి. పోయినవారు దారి పక్కనే పోయేవారు. 1872లో అచ్చయిన హంటరు దొర ఒరిస్సా గ్రంథంలో పూరీ యాత్రికుల అవస్థలు వర్ణించబడి ఉన్నాయి. కాని మాకు ఆ సంగతి పుస్తకాల వల్ల తెలియలేదు, మా నాయనమ్మ వల్ల తెలిసింది.

నాయనమ్మ తాతగారు వయసులో ఉండగా, రైలు రాకముందు, మా వీధివారితో కలిసి జగన్నాథానికి నడిచారట. ఆయనకు ప్రాణస్నేహితుడు ఒకడు జతగా ఉన్నాడు. గంజాం దాటిన తరువాత ఆ స్నేహితునికి వాంతిభేదులు పట్టుకొన్నాయి. రథయాత్ర ఇక నాలుగైదు రోజులే ఉన్నది. జట్టులో ఆడవాళ్ళు, పిల్లలు ఉన్నారు. జబ్బు మిగిలినవారికి అంటుతుందని భయం. ఒక చెట్టు నీడన పడుకోబెట్టి, పక్కన కుండతో నీళ్ళు, మూటతో అటుకులు పెట్టి, “తిరుగు దారిలో తీసుకుపోతాము” అని చెప్పి వెళ్ళిపోయారు. తిరిగి వచ్చేసరికి చెట్టు ఉన్నది, కుండ ఉన్నది, మనిషి లేడు. ఇంటికి వచ్చి, అతడు స్వామిలో కలిసిపోయాడని చెప్పారు. ఆ తరువాత తాతగారు బ్రతికినంతకాలమూ ప్రతి వేసవికీ వీధి చివర చలివేంద్రం పెట్టించేవారట. ఎందుకని అడిగితే చెప్పేవారు కాదు. పోయేముందు మనుమరాలికి ఒక్కదానికే చెప్పారు. ఆమె మాకు చెప్పింది.

ఈ కథను ఇడ్లీలు తింటూ స్నేహితులకు చెప్పినది మేమే. అందరమూ అయ్యో అనుకొని చేతులు కడుక్కొని లేచాము.

గంజాం నుంచి హుమ్మా దారి ఎండ ఎక్కుతున్న కొద్దీ బారుగా సాగింది. హుమ్మా ఉప్పుకు ప్రసిద్ధి. 1930లో ఉప్పు సత్యాగ్రహం జరిగినప్పుడు గంజాంవారు చట్టాన్ని ధిక్కరించినది ఇక్కడే. మడులలో నీళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. బావగారూ మేమూ ముందు; మాస్టారు నడుమ; భాయినా వెనక. వేళ చూసుకొంటే అరగంట ఆలస్యం. అడుగు జోరు చేశాము.

“టికే రహ” అని వెనకనుంచి భాయినా కేక వినబడింది. కాస్త ఆగమని. వెనుదిరిగి చూస్తే ఆయన రోడ్డు మీదికి వంగి తెల్లగీతను వేలితో తాకి చూస్తున్నారు. ఆ గీత మీద అడుగుకొక ఎర్రని మరక. అవి మాస్టారి దగ్గరనుంచి వెనక్కు, కనుచూపు మేర ఉన్నాయి.

మాస్టారిని చెట్టుకింద కూర్చోబెట్టి కుడికాలు ఎత్తి చూశాము. బొటనవేలి కింద చర్మం పెద్ద బొబ్బ కట్టి పగిలి ఉన్నది. దాని పక్కగా ఒక గాజుపెంకు లోపలికి దిగి ఉన్నది. ఎన్ని కిలోమీటర్లుగా దానితో నడుస్తున్నారో! “నొప్పిగా లేదా మాస్టారూ?” అంటే, “లేదోయ్, నిజంగా లేదు” అని ఆయన మా ముఖాలు చూసి ఆశ్చర్యపోయారు. అబద్ధం చెప్పే మనిషి కాదు. “ఒక గుడ్డ కట్టండి, రంభదాకా వస్తాను. మొక్కు మధ్యలో ఆపకూడదు” అన్నారు.

పక్కనే ఒక టీ బడ్డీ. ఆ బడ్డీ ఆమె మా మాటలు విని, “ఏటి బాబూ, కాలికేటయింది?” అని తెలుగులోనే అడుగుతూ వచ్చింది. సముద్రం ఒడ్డు పల్లెల తెలుగు బెస్తవారి పడుచు. పొయ్యి మీద కాగి ఉన్న నీళ్ళు చల్లార్చి తెచ్చింది, స్టూలు వేసింది. బావగారు గాజుపెంకు తీశారు. భాయినా తన గామ్‌ఛాలో శుభ్రమైన కొస చింపి కట్టు కట్టారు.

ఇంతవరకూ ‘మేము’ అంటూ వచ్చాము. పాఠకులు నలుగురినీ కలిపి చదువుకొని ఉంటారు. ఇక్కడ మాత్రం మేము అంటే ఈ వ్రాసే గుమాస్తా ఒక్కడే. మిగిలినవారికి ఇందులో భాగం లేదు. మేము గడియారం చూశాము, పుస్తకం చూశాము. రంభ వెళ్ళకపోతే మజిలీ సగంలో తెగిపోతుంది. మా నోటినుంచి వచ్చిన మాటలు ఇవి: “మాస్టారూ, మీరు ఈ చెట్టు నీడన కూర్చోండి. నీళ్ళ సీసా ఉంది, అటుకుల పొట్లం ఉంది. మధ్యాహ్నం ప్యాసింజరుకు ఈ అమ్మాయి ఎవరినైనా తోడిచ్చి రైలెక్కిస్తుంది. మేము రంభదాకా పోయివస్తాము.”

ఎవరూ ఏమీ అనలేదు. బావగారు తల వంచుకొన్నారు. భాయినా కట్టు ముడి వేస్తున్నవారు వేస్తూనే మా వంక ఒక్కసారి చూశారు. చెట్టు, నీళ్ళు, అటుకులు. గంటల క్రితం గంజాంలో కూర్చుని ఆ కథ చెప్పినది మేమే. అప్పుడు తాతగారి మీద జాలి, కొంచెం కోపం కూడా పడ్డాము. ఆయనకు పాపం వాంతిభేదుల భయం ఉన్నది, వెనక పిల్లలూ ఆడవాళ్ళూ ఉన్నారు. మాకు ఏమి భయం? నోటుపుస్తకంలో ఒక గడి ఖాళీగా ఉంటుందని.

మాస్టారు మాత్రం, “అవునోయ్, మీరు వెళ్ళండి. నా మూలంగా ఎందుకు ఆగడం?” అన్నారు. ఆ మాట విన్న తరువాత మాకు కాళ్ళు ఆడలేదు. రంభకైనా, ఎక్కడికైనా.

“ఈ రోజుకు హుమ్మాయే పూరీ” అన్నారు భాయినా. అంతటితో చర్చ ముగిసింది. బావగారూ భాయినా చేతులు పెనవేసి కుర్చీ చేశారు. కొంతదూరం వారూ, కొంతదూరం మేమూ బావగారూ, మార్చుకొంటూ స్టేషనుదాకా మోశాము. మోస్తున్నంతసేపూ మాస్టారు, “దింపండిరా, నవ్విపోతారు” అంటూనే ఉన్నారు. ప్యాసింజరు ఆలస్యంగా వచ్చింది. ప్లాట్‌ఫారం మీద నలుగురమూ అటుకులు తిన్నాము. తిరుగు దారిలో ఋషికుల్య వంతెన మీద రైలు వెళుతుంటే మాస్టారు మళ్ళీ నదికి దండం పెట్టారు. మేము కిటికీవైపు చూడలేదు.

డాక్టరుగారు పుండు చూసి మమ్మల్ని గట్టిగా కోప్పడ్డారు. చాలాకాలం షుగరు ఉన్నవారికి పాదాల్లో నరాలు మొద్దుబారతాయి, ముల్లు దిగినా నిప్పు తాకినా తెలియదు. నెత్తురు పారుదల తగ్గి పుండు త్వరగా మానదు. చీము పట్టి లోపలికి పోతే కాలు తీసివేయవలసిన గతి కూడా పడుతుంది అని చెప్పారు. “నొప్పి లేదు కదా అని సంతోషించకండి. నొప్పి లేకపోవడమే ఇక్కడ జబ్బు” అన్నారు. ఆ మాట మాస్టారి కాలిని గురించే చెప్పారు. మేము మాత్రం ఇంటికి వచ్చి ఆ రాత్రి చాలాసేపు దానిని గురించి ఆలోచించాము. చెట్టుకింద ఆ మాటలు అన్నప్పుడు మాకూ ఏ నొప్పీ తెలియలేదు. నెత్తురు చూసినది వెనక నడిచిన భాయినా. ముందు నడిచిన మాకు ఎక్కడ కనబడుతుంది?

పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. రోజు విడిచి రోజు కట్టు మార్పించడానికి వంతులు వేసుకొని తీసుకువెళ్ళాము. నోటుపుస్తకంలో ‘రంభ’ అన్న మాట కొట్టివేసి ‘హుమ్మా’ అని వ్రాసి, దిద్దుబాటు పక్కన ఆఫీసు పద్ధతిలో పొట్టి సంతకం కూడా పెట్టాము.

ఈ సంవత్సరం మార్గశిరంలో మళ్ళీ బయలుదేరాము. హుమ్మాలో దిగి మొదట ఆ టీ బడ్డీ దగ్గరకు వెళ్ళాము. ఆమె మాస్టారిని గుర్తుపట్టి, “కాలు బాగయిందా తాతా?” అని అడిగింది. డబ్బు తీసుకోకుండా టీ ఇచ్చింది. మాస్టారు ఇప్పుడు డాక్టరుగారు వ్రాసి ఇచ్చిన మెత్తని చెప్పులు వేసుకొంటున్నారు. మొక్కు మాట ఏమయిందని బావగారు అడిగితే, “స్వామికే కాళ్ళు లేవు, నా చెప్పులు ఆయనకు అడ్డం వస్తాయా?” అన్నారు. పూర్తి మజిలీ ఆయన నడవరు. స్టేషను నుంచి ఒక కిలోమీటరు మాతో నడిచి, వెనక్కు తిరిగి రైలెక్కి ముందు స్టేషనుకు వెళ్ళి కూర్చుంటారు. మేమూ మజిలీలు చిన్నవి చేసుకొన్నాము. ఇప్పుడు భాయినాను వెనక నడవనివ్వము. వంతులవారీగా ఒక్కొక్కరము వెనక నడుస్తాము.

షుగరు ఉన్న పెద్దలు ఇంట్లో ఉన్నవారికి ఒక్క మనవి. రాత్రి పడుకొనేముందు వారి అరికాళ్ళు ఒకసారి దీపం వెలుగులో చూడండి. వారికి నొప్పి లేదంటే నమ్మండి, అయినా చూడండి.

మార్గశిరంలో ఆ రోజు మేము ముగ్గురమూ మధ్యాహ్నానికి రంభ స్టేషను చేరాము. ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు కింద మాస్టారు కూర్చుని ఉన్నారు. పక్కన ఇంటినుంచి మోసుకువచ్చిన మట్టికూజా, నాలుగు గ్లాసులు. మేము రాకముందే దారినపోయేవారికి సగం కూజా పోసివేశారు. మిగిలినది మాకు పోశారు. చల్లగా ఉన్నాయి. ఖల్లికోట వచ్చే ఆదివారానికి పెట్టుకొన్నాము.